గంత దిగిన గాడిదలు: పానగల్ నుంచి గద్వాల దాకా

సోమవారం, పానగల్

నల్లగొండ నుంచి పానగల్‌కు ఆటోలో పావుగంట, మనిషికి ఇరవై రూపాయలు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఛాయా సోమేశ్వరాలయంలో నీడ చూసి అటునుంచటే వెళ్ళిపోతారు. గాడిదలు చూడాలంటే ఉదయసముద్రం చెరువు కట్ట వైపు నడవాలి. అదీ పొద్దున ఏడింటిలోపే. ఎండ ముదిరితే రేవులో ఎవరూ ఉండరు.

కట్ట దిగువన రెండు గాడిదలు ముందరి కాళ్ళకు బందంతో మేస్తున్నాయి. ఒకటి బూడిద రంగుది. మెడ నుంచి తోక దాకా వీపు మీద నల్లటి గీత, భుజాల దగ్గర దానికి అడ్డంగా ఇంకో గీత. ఈ అడ్డగీత ఈశాన్య ఆఫ్రికాలోని నూబియా అడవి గాడిదకు ఉండేది. ప్రపంచంలోని పెంపుడు గాడిదలన్నీ ఆఫ్రికా అడవి గాడిద సంతతే. సుమారు 7,000 ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికాలో ఒక్కసారే మచ్చికైందని 2022లో వచ్చిన జన్యు అధ్యయనం తేల్చింది. మన గుజరాత్‌లోని కచ్ఛ్ చిన్న రణ్‌లో తిరిగే ఘుడ్‌ఖర్ అనే అడవి గాడిద వేరే జాతి. పానగల్ గాడిదకు అది దూరపు చుట్టమే గానీ తాత కాదు.

బట్టలు ఉతుకుతున్న పెద్దమనిషిని అడిగితే చేతిలో బట్ట ఆపకుండానే చెప్పాడు: "గాడ్దులా? మా తాతకు మంద ఉండె. ఇప్పుడు గీ రెండే. గివి గూడ పనికి గాదు సారూ, ఇడువబుద్ధి గాక ఉంచిన." మూటలు తెచ్చే పని ఇప్పుడు మోపెడ్‌ది.

మోతకు ముందు గాడిద వీపు మీద వేసే గంత, పాతది ఒకటి, ఆయన దగ్గర ఇంకా ఉంది. అడిగితే చూరు కింద నుంచి తీసి చూపించాడు. గోనె గుడ్డతో కుట్టిన రెండు పొడుగాటి దిండ్లు, లోపల వరిగడ్డి, రెంటి మధ్య బెత్తెడు సందు. వెన్నెముక ఆ సందులో ఉండాలి, బరువంతా రెండు పక్కల డొక్కల మీద పడాలి. గంత పనితనమంతా ఆ సందులోనే. గడ్డి అణిగిపోయి సందు మూసుకుపోయిందంటే బరువు నేరుగా వెన్ను ఎముకల మీద కూర్చుంటుంది. వారం తిరక్కముందే అక్కడ వెంట్రుకలు ఊడతాయి, తర్వాత తోలు చిట్లుతుంది, ఆపైన పుండు. అందుకే పాతవాళ్ళు ఏటా కోతలయ్యాక పాత గడ్డి తీసేసి కొత్తది కూరేవారు. రేవు నుంచి తడిమూట వేయకపోవడానికి కారణం కూడా ఇదే. తడి దిగితే గడ్డి బూజు పట్టి గట్టిపడుతుంది. బట్టలు రేవులోనే ఆరేసి, సాయంత్రం పొడిమూటలు కట్టేవారు. పొద్దున వచ్చేటప్పుడు మాసిన బట్టలతో పాటు చౌడు మట్టి కూడా గాడిద మీదే వచ్చేది, బానలో బట్టలు ఉడకబెట్టడానికి.

గంతను పట్టి ఉంచే తాళ్ళు రెండు. పొట్ట కింద నుంచి వచ్చే తంగు ముంగాలి మోచేతికి నాలుగు వేళ్ళు వెనక పడాలి. మరీ ముందుకు బిగిస్తే నడిచిన ప్రతి అడుగుకూ చర్మం కోసుకుంటుంది. రెండో తాడు తోక కింద నుంచి వస్తుంది. గుర్రానికి భుజాల దగ్గర వీపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి జీను నిలబడుతుంది. గాడిద వీపు చదును, దిగుడులో గంత మెడ మీదికి జారుతుంది. తోకతాడు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ తాడుకు మెత్తటి పాత గుడ్డ చుట్టకపోతే తోక కింద కోతలు పడి, ఈగలు వాలి, పురుగు పడుతుంది.

తిరుగు దారిలో బస్టాండు దగ్గర బత్తాయి రసం గ్లాసు నలభై. బత్తాయికి పేరుపడ్డ జిల్లా, ధర మాత్రం హైదరాబాద్ ధరే. ఉప్పు వద్దంటే బండివాడు అదోలా చూస్తాడు.

మంగళవారం, దేవరకొండ

ఇక్కడ గాడిద ఇంకా కూలికి వెళ్తోంది. కోట కింది పాత వాడల్లో సందులు ఎంత ఇరుకంటే ఎదురుగా గేదె వస్తే మనిషి గడప ఎక్కాల్సిందే. ట్రాక్టరు పెద్ద రోడ్డు మీదే ఇటుక, ఇసుక దించి వెళ్ళిపోతుంది. అక్కడి నుంచి పని నడిచే ఇంటి దాకా దూరం చిన్నదే గానీ ఎగుడు, మధ్యలో రాతి మెట్లు. ఆ కాస్త దూరానికే గాడిదలను పిలుస్తారు.

లెక్క ఇటుకల మీద. వెయ్యి ఇటుకల మోతకు రెండు వేల ఐదు వందలు అడిగారు, ఇంటాయన రెండు వేలకు తెగ్గొట్టాడు. ఇటుక సుమారు మూడు కిలోలు. భారవాహక పశువుల మీద క్రూరత్వ నివారణకు 1965లో చేసిన కేంద్ర నిబంధనల ప్రకారం గాడిద మీద యాభై కిలోలకు మించి వేయకూడదు. అంటే పదహారు ఇటుకలు, పక్కకు ఎనిమిది. ఎనిమిది గాడిదలుంటే ఒక్కోటి ఎనిమిది తిరుగుళ్ళు తిరిగితే వెయ్యి ఇటుకలు చేరతాయి. ఆచరణలో పక్కకు పన్నెండు పేరుస్తారు. డెబ్భై రెండు కిలోలు! మన గాడిద బరువే నూటపది, నూటఇరవై కిలోలు ఉంటుంది. తోలేవాడికి రెండు మూడు తిరుగుళ్ళు మిగులుతాయి, గాడిదకు వెనక కాళ్ళ కీళ్ళు పోతాయి. పగలు పన్నెండు నుంచి మూడు దాకా ఎండ 37 డిగ్రీలు దాటే చోట పని చేయించకూడదనీ, రోజుకు మొత్తం తొమ్మిది గంటలు మించకూడదనీ, మధ్యలో విరామం లేకుండా ఐదు గంటలకు మించి నడిపించకూడదనీ అవే నిబంధనల్లో ఉంది. పాలమూరు, నల్లగొండ ఎండల్లో మార్చి చివరి నుంచి జూన్ దాకా ఆ మధ్యాహ్నపు నియమం దాదాపు రోజూ వర్తిస్తుంది.

ఎక్కించే పద్ధతి దగ్గర నిలబడి చూడాలి. ఇద్దరు మనుషులు చెరో పక్కన నిలబడి ఒకేసారి ఇటుకలు పేరుస్తారు. ఒక పక్క నాలుగు ముందే వేస్తే గంత తిరిగి పొట్ట కిందికి వస్తుంది. ఇటుక ఎప్పుడూ కింది నుంచి పైకి, లావు వైపు డొక్కకు తగిలేలా. దించేటప్పుడూ అంతే, రెండు పక్కలా ఒక్కసారే. మట్టి, ఇసుక అయితే గోనె సంచిని మధ్యలో కుట్టి రెండు అరలు చేస్తారు. వీపు మీద అడ్డంగా వేసి, గమ్యం చేరాక కింది అంచు పట్టి ఎత్తేస్తే రెండు పక్కలా ఒకేసారి జారిపోతుంది. అదే సంచి, అదే పద్ధతి వడ్డెరలు, ఉప్పరులు బావులు తవ్వినప్పుడు, చెరువుల్లో పూడిక తీసినప్పుడు వాడారు. బావిలోకి ఏటవాలుగా బాట తీసి, ఒక వరుస ఖాళీగా దిగుతుంటే ఇంకో వరుస మట్టితో ఎక్కేది. ముందు నడిచే గాడిదకు దారి నేర్పితే చాలు, మిగిలినవి దాని వెంట పడతాయి. ముకుతాడు అక్కర్లేదు, కళ్ళెం అక్కర్లేదు.

మెట్ల దగ్గర ఒకటి ఆగిపోయింది. తోలే కుర్రాడు కర్ర ఎత్తాడు. వెనక నుంచి పెద్దాయన "కొట్టకురా, చూడనీ దాన్ని" అన్నాడు. కొత్తగా కడిగిన మెట్టు మీద నీళ్ళు మెరుస్తున్నాయి, లోతెంతో గాడిదకు తెలియదు. రెండు చెవులూ ముందుకు పెట్టి, మూతి దించి వాసన చూసి, తర్వాత కాలు వేసింది. గాడిదను మొండిదంటారు గానీ ఇది మొండితనం కాదు. గుర్రం భయపడితే పరుగెత్తుతుంది, ఎందుకంటే పచ్చిక మైదానంలో మందతో బతికిన జంతువు. రాళ్ళ ఎడారిలో విడివిడిగా బతికిన అడవి గాడిదకు పరుగెత్తడం కంటే నిలబడి చూసుకోవడం లాభం. కొడితే భయం రెట్టింపై కాళ్ళు ఇంకా బిగుస్తాయి. ఆ ఓండ్ర కూడా ఎడారి బతుకు నుంచి వచ్చిందే. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా శబ్దం చేయగలదు కాబట్టి అంత దూరం వినిపిస్తుంది.

దూరపు మోతకు మన దగ్గర గాడిదను నమ్ముకున్నవాళ్ళు తక్కువ. లంబాడీలు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని నడిచారు. పెరికవాళ్ళు పెరికల్లో సరుకు నింపి ఎద్దులతో పాటు గాడిదలనూ తోలారు. ఎద్దు మోసేది గాడిద మోసేదానికి రెట్టింపు. చదును నేల, దారిపొడవునా మేత, నీళ్ళు ఉన్నచోట ఎద్దుదే గెలుపు. మేత తక్కువ, కొండదారి అయితే లెక్క తిరగబడుతుంది. సుమారు 4,000 ఏళ్ళ కిందట ఇరాక్‌లోని అస్సూరు నగర వర్తకులు ఇప్పటి టర్కీలోని కానేష్‌కు తగరం, బట్టలు గాడిదల మీదే పంపారు. వెయ్యి కిలోమీటర్ల పైన దారి, దాదాపు ఆరు వారాల నడక. ఒక్కో గాడిద మీద డెబ్భై, డెబ్భై అయిదు కిలోలు: పక్కకు ఒక మూట, పైన ఒకటి. చేరాక సరుకుతో పాటు చాలా గాడిదలనూ అక్కడే అమ్మేసేవారు, ఎందుకంటే తిరిగి తీసుకెళ్ళేది వెండి, బంగారం. వాటికి అన్ని గాడిదలు అక్కర్లేదు. ఈ లెక్కలన్నీ మట్టి పలకల మీద రాసిపెట్టారు కాబట్టే మనకు తెలుసు. అంతకంటే వెయ్యేళ్ళ ముందు ఈజిప్టులోని అబిడోస్‌లో ఒక రాజు సమాధి ఆవరణ పక్కన పది గాడిదలను మర్యాదగా పాతిపెట్టారు. వాటి వెన్నుపూసలు బరువుకు అరిగి ఉన్నాయి. పానగల్‌లో గంత మధ్య సందు ఎందుకో ఆ ఎముకలు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

బుధవారం, దేవరకద్ర

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా రావాలి. జడ్చర్ల దాటకముందే రోడ్డు పక్క గంపల్లో బాలానగర్ సీతాఫలాలు. గంప మూడు వందలన్నారు, బేరం ఆడితే రెండు వందల ఇరవై. కళ్ళు తెల్లగా విచ్చుకున్నవే ఏరుకోవాలి. ఆడవాళ్ళు అమ్మేచోట ముట్టి ఒత్తి చూస్తే ఊరుకోరు.

దేవరకద్రలో ఉల్లి వేలం అరుపులు దూరానికే వినిపిస్తాయి. గాడిద కొనేవాడికి ఇక్కడ పెద్దగా పని లేదు. ఒకతను ఈడొచ్చిన ఆడ గాడిదకు ఇరవై రెండు వేలు చెప్పాడు, చూపించడానికి మాత్రం పక్క ఊరికి రమ్మన్నాడు. కొనేవాళ్ళు చూడాల్సినవి చెప్పుకుందాం. ముందు పళ్ళు. మధ్య రెండు పాలపళ్ళు రెండున్నర ఏళ్ళకు, పక్కవి మూడున్నరకు, మూలవి నాలుగున్నరకు ఊడి గట్టి పళ్ళు వస్తాయి. నోరంతా గట్టి పళ్ళు నిండితేనే పూర్తి మోతకు తగిన వయసు. రెండేళ్ళ పిల్ల మీద బరువు వేస్తే వీపు లోతుగా వంగిపోతుంది, తర్వాత ఎంత మేపినా లేవదు. రెండోది వీపు: అరచేత్తో గట్టిగా నొక్కుతూ భుజం నుంచి నడుము దాకా రావాలి. నొప్పి ఉంటే తోలు వణుకుతుంది, చెవులు వెనక్కి పోతాయి. తెల్ల వెంట్రుకల మచ్చలు పాత పుళ్ళ గుర్తులు. మూడోది గిట్టలు. గాడిద గిట్ట గుర్రం గిట్ట కంటే నిటారుగా, ఇరుకుగా ఉంటుంది. రాతినేల మీద నడిస్తే దానంతటదే అరుగుతుంది. పని మాని మెత్తటి నేలలో కట్టేస్తే ముందుకు పెరిగి చెప్పు మొనలా వంకర తిరుగుతుంది. ఆరు నుంచి పది వారాలకోసారి కత్తిరించకపోతే నడకే చెడుతుంది. కుంటుతుందో లేదో గట్టి నేల మీద నడిపించి చూడాలి, ఇసుకలో తెలియదు.

రోగాల్లో మన దగ్గర చూసుకోవాల్సింది సర్రా. వానలు వెనకబట్టాక జోరీగల కాటుతో వస్తుంది. విడిచి విడిచి జ్వరం, కాళ్ళ వాపు, బాగా తింటూనే చిక్కిపోవడం దాని గుర్తులు. ముక్కులోంచి చిక్కటి చీము, చర్మం మీద వరసగా గడ్డలు కనిపిస్తే గ్లాండర్స్ అనుమానించి వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. అది మనిషికీ అంటుతుంది. గంత పుండు నుంచి ధనుర్వాతం రావచ్చు. సంతల్లో చెత్త మేసేవి ప్లాస్టిక్ మింగి పేగు పట్టి చస్తాయి. మేతకు ఎండు గడ్డి, చొప్ప లాంటి పీచు మేతే మంచిది. దాణా ఎక్కువ పెడితే గిట్టల్లో వాపు వచ్చి నిలబడలేదు. బాగా కొవ్వు పట్టిన గాడిద రెండు మూడు రోజులు మేత మానేసినా ప్రమాదమే, ఒంట్లో కొవ్వు రక్తంలోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. గాడిద నొప్పి బయటపడనీయదు. మూలన తల దించుకుని కదలకుండా నిలబడిందంటే అప్పటికే రోగం ముదిరినట్టు.

2012 పశుగణనలో దేశంలో 3.2 లక్షల గాడిదలుంటే, 2019 నాటికి 1.2 లక్షలే మిగిలాయి. అరవై శాతానికి పైగా పోయాయి. ఈ పక్క కారణాలు వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. బావి తవ్వేది బోరుబండి, పూడిక తీసేది జేసీబీ, మట్టి మోసేది ట్రాక్టరు. మిషన్ కాకతీయలో చెరువులు తవ్వినప్పుడు గాడిదను పిలిచినవాళ్ళే లేరు. ఆఫ్రికాలో కారణం వేరు. చైనాలో ఎజియావో అనే మందు కోసం సాగే గాడిద తోళ్ళ వ్యాపారం అక్కడి మందలను దెబ్బతీసింది. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల కూటమి ఆ వధను నిషేధించాల్సి వచ్చింది. పోయినవి త్వరగా తిరిగి రావు. ఆడ గాడిద చూలు దాదాపు ఏడాది మోస్తుంది, ఈతకు ఒక్కటే పిల్ల.

గురువారం, మరికల్ నుంచి నారాయణపేట

దారి చూపే ఫోను ఒకచోట కాలువ కట్ట మీదికి తిప్పింది. కట్ట చివర తూము, ఆపైన చేను. గొర్రెల మంద అక్కడే ఆగి ఉంది కాబట్టి తప్పిన దారి దండగ కాలేదు.

ఇక్కడ గాడిద పని వేరు. కృష్ణ వైపు మేతకు వలసపోయే గొల్ల కురుమల మందలో గాడిద అంటే కదిలే ఇల్లు. ఒక పక్క గొంగళ్ళు, వంటగిన్నెలు, జొన్నపిండి సంచి. ఇంకో పక్క వల సంచిలో రాత్రి పుట్టిన గొర్రెపిల్లలు, తలలు మాత్రం బయటికి. పిల్లలు కదిలితే బరువు ఊగుతుంది కాబట్టి ఆ సంచిని తంగుకు కూడా కట్టేస్తారు. గాడిద నడక గొర్రె నడకతో సరిపోతుంది, ఎద్దుకు అది కుదరదు. ఎరువు కోసం చేలో మంద పెట్టినందుకు రైతు ఇచ్చే ధాన్యం కూడా మళ్ళీ దాని మీదే.

"ఎక్కి కూసుంటరా ఎప్పుడన్న?" అంటే కురుమ తాత నవ్వాడు. "మేమా? పోరగాండ్లు ఎక్కుతరు. గదిగో, ఎనుకకు." నిజంగానే పదేళ్ళ పిల్లాడు తోక దగ్గరగా, తుంటి ఎముకల మీద కూర్చున్నాడు. పశ్చిమాసియా ప్రాచీన బొమ్మల్లోనూ సవారీ అలాగే, వెనక్కే. వీపు మధ్యన కూర్చుంటే చదును వీపు మీద మనిషి ముందుకు జారతాడు. తుంటి గట్టిగా ఉంటుంది, ఊపు కూడా తక్కువ.

గాడిద సవారీ ఒకప్పుడు పరువు తక్కువ కాదు. సిరియాలోని ఉమ్ ఎల్-మర్రాలో దొరకిన 4,500 ఏళ్ళనాటి ఎముకలను పరీక్షిస్తే, ఆడ గాడిదకూ సిరియా అడవి గాడిదకూ పుట్టిన సంకరమని తేలింది. కుంగ అనే ఆ జంతువు రాజుల రథాలు లాగేది, గుర్రం ఇంకా ఆ దేశాలకు రాకముందు. మన వేదాల్లో అశ్వినీ దేవతల రథానికి గాడిదను కట్టినట్టు కూడా ఉంది. అరబ్బు నగరాల్లో పెద్ద తెల్లగాడిద మీద పండితులు, వర్తకులు తిరిగేవారు. గుర్రం చేతికందాక ఇక్కడ గాడిద వాహనం జ్యేష్ఠాదేవికీ శీతలాదేవికీ మిగిలింది. మనుషుల్లో ఎక్కించింది గుండు గీయించి, వెనక్కి తిప్పి, ఊరేగించాల్సిన నేరగాడిని. మోతకు వీపు కావాలి, మర్యాదకు మాత్రం వద్దు. వసుదేవుడంతటివాడు కాళ్ళు పట్టుకున్నాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

నారాయణపేటలో జొన్నరొట్టె పదిహేను, వెంట పుండికూర, ఎల్లిపాయ కారం. రెండో రొట్టె అడక్కుండానే పడుతుంది. వద్దంటే చెయ్యి అడ్డం పెట్టాలి, మాట వినిపించుకోరు.

శుక్రవారం, జూరాల, గద్వాల

మక్తల్, ఆత్మకూరు మీదుగా జూరాల చేరితే ఆనకట్ట దగ్గర చేపల వేపుడు. తూకం మీద అమ్ముతారు. తూచాక ముక్కలు కోసే ముందే కారం తక్కువ కావాలని చెప్పాలి.

గద్వాల కోట వెనక వీధిలో "గాడ్ది పాలూ" అన్న కేక. ఒక ఆడ గాడిద, మూడు నెలల పిల్ల, వెంట నడివయసు ఆమె. ఉగ్గు గిన్నెడు వంద రూపాయలు. ముందు పిల్లను రెండు గుటకలు తాగనిచ్చి పక్కకు లాగింది. పిల్ల ముందు లేకపోతే గాడిద పాలు చేపదు. పొదుగు చిన్నది, ఒకేసారి ఎక్కువ నిలవదు, అందుకే రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పిండుతారు. రోజంతా కలిపినా లీటరు దాటడం కష్టం. మధ్యలో పిల్లకూ మిగల్చాలి, లేకపోతే నెల తిరిగేసరికి పాలే ఆగిపోతాయి.

పాలు పలచన, తియ్యన. కొవ్వు ఆవుపాలలో సగం కూడా ఉండదు, చక్కెర ఎక్కువ, విరిగి గడ్డకట్టే కేసీన్ తక్కువ. ఈ విషయంలో తల్లిపాలకు దగ్గర, కాబట్టి పొట్టకు తేలిక. ఉబ్బసం తగ్గుతుందని, పసిపిల్లల గొంతు తెరుచుకుంటుందని తాగించేవాళ్ళు చెప్పేదానికి మాత్రం ఆధారం లేదు. ఆరు నెలలు నిండని పిల్లకు తల్లిపాలు తప్ప ఇంకేదీ పట్టకూడదు, అందులోనూ వీధిలో చేత్తో పిండిన పచ్చిపాలు అసలే కూడదు. అది చెబితే గడపలో నానమ్మ "మా కొడుక్కు పట్టలేదా?" అని గిన్నె చాపింది.

గాడిద వీపు మీద గంత లేదు, మూట లేదు. సంచి, నీళ్ళ సీసా, మడత గొడుగు అన్నీ ఆమె భుజానికే ఉన్నాయి. కనీసం సంచి అయినా దాని మీద వేయరాదా అంటే, "మోత మోపితే పాలు తగ్గుతయ్ సారూ. ఇప్పుడు దీని పని పాలే" అని, వంద నోటు కొంగున ముడేసి పక్క సందులోకి తిప్పింది.